వార్షిక నివేదిక: ఊ కొట్టేవాళ్లు కావాలి

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఉగాది వేడుక, వినాయక చవితి, కంటి వైద్య శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. పార్కులో నాటిన మొక్కల్లో వేపలు బతికాయి, మిగతావి మేకల పాలయ్యాయి. జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడేది ఈ ఏడాది మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్ గురించి.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఈ మాట ఎత్తగానే వెనక వరసలోంచి "అంటే రేడియోనా అండీ?" అని అడిగారు. ఇంచుమించు అంతే. కాకపోతే రేడియో దాని టైముకి మనల్ని కూర్చోబెడుతుంది, ఇది మనకి తీరికైనప్పుడు పలుకుతుంది. "కథలు చదివి వినిపించేవాళ్లు బోలెడుమంది ఉన్నారుగా" అని ఇంకొకరన్నారు. అదీ నిజమే. అందుకే కథ చెప్పే పనితనం గురించి మాట్లాడదామనుకున్నాం. ఎక్కడ ఆగాలి, గొంతు ఎక్కడ తగ్గించాలి, ఏది చెప్పకుండా వదిలెయ్యాలి, ఇలాంటివి.

మొదటి రికార్డింగ్ మన హాల్లోనే పెట్టాం. ఖాళీ గోడలు కదా, అందరం బావిలోంచి మాట్లాడుతున్నట్టు వచ్చింది. తర్వాత ఒక సభ్యుడి పడగ్గదిలోకి మారి, కిటికీలకి బొంతలు కట్టి, ఫ్యాను ఆపేసి కూర్చున్నాం. గుంటూరు ఎండల్లో అదెంత త్యాగమో మీకు చెప్పక్కర్లేదు. ఇంత చేసినా రెండో ఎపిసోడ్‌లో పక్కింటి కుక్కరు మూడు విజిళ్లు వేసింది. అవి అలాగే ఉంచేశాం.

అసలు పాఠం మూడో వీధి పెద్దమ్మగారు నేర్పారు. రాజుగారి ఏడుగురు కొడుకులూ ఏడు చేపల కథ ఆవిడ చెబితే పిల్లలు అన్నం తినడం మర్చిపోతారు. మైకు ముందు కూర్చోబెడితే మాత్రం గబగబా అప్పజెప్పేసి లేచారు. ఏమైందమ్మా అంటే, "ఊ కొట్టేవాళ్లు లేకుండా ఎట్లా చెప్పేది నాయనా? గోడకి చెప్పనా?" అన్నారు. వాళ్ల మనవడిని ఎదురుగా కూర్చోబెట్టాం. వాడు ఊ అంటుంటే చీమ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతే మారిపోయింది. ఎడిటింగ్‌లో మా తెలివి కొద్దీ ఆ ఊలన్నీ కోసేశాం. వింటే ఉపన్యాసంలా ఉంది. మళ్లీ ఒక్కొక్కటీ తెచ్చి అతికించడానికి రెండు రాత్రులు పట్టింది.

అప్పుడుగానీ మాకు వెలగలేదు, మన కథా పద్ధతులన్నిటిలోనూ ఈ ఊ ఉందని. బుర్రకథలో తంబుర పట్టుకున్న కథకుడికి అటూ ఇటూ డక్కీలతో ఇద్దరుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడి మాటకి తందాన అని వంత పాడి, మధ్యలో అడ్డు ప్రశ్న వేసి, కథని ముందుకు తోసేది వాళ్లే. మన జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ గారి మీద ఎపిసోడ్ మొత్తం ఈ వంతల చుట్టూనే తిరిగింది. హరికథలో దాసుగారు ఒక్కరే కదా అనుకుంటాం. ఆయన "శ్రీమద్రమారమణ గోవిందో హరి" అనగానే గోవిందా అనేది జనమే. నిద్రపోతున్నవాడిని లేపే ఊ అది.

చేర్యాల పటం కథల మీద చేసిన ఎపిసోడ్ మాత్రం తేలిపోయింది. పటం విప్పుతూ, బొమ్మ చూపిస్తూ చెప్పే కథని బొమ్మ లేకుండా వినిపించాలనుకోవడం నా తప్పే. అందరూ వద్దంటున్నా పట్టుబట్టాను.

అచ్చు కథల దగ్గర హక్కుల టెన్షన్ వచ్చింది. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవే. నచ్చిన కథ కదా అని చదివెయ్యడం కుదరదు. గురజాడ 1915లో పోయారు కాబట్టి 1910 నాటి 'దిద్దుబాటు' తీసుకోవడానికి అడ్డులేదు. అర్ధరాత్రి ఇల్లు చేరిన భర్త తలుపు తియ్యమని పిలవడంతో మొదలవుతుందా కథ. మొదట గొంతు, మనిషి సంగతి తర్వాత. చెవితో వినే కథకి ఇంతకన్నా మంచి ఎత్తుగడ ఉందా అని మాలో మేమే గంట వాదించుకున్నాం. అందులో 20 నిమిషాలే మీదాకా వచ్చింది.

ఫోనులో చోటు చాలదనే పెద్దలకి ఒక మాట. మాటలే కాబట్టి ఫైలు చిన్నగా ఉండేలా 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు), మోనోలో (ఒకే చానెల్) పెడుతున్నాం. 20 నిమిషాల ఎపిసోడ్ 10 ఎంబీ లోపే ఉంటుంది. యాప్ వద్దంటే వాట్సాప్ గ్రూపులో పంపుతాం.

ఒక దుకాణంవారు ప్రకటన ఇస్తామన్నారు, కాకపోతే కథ మధ్యలో చదవాలట. వద్దన్నాం. కార్యవర్గంలో ఇద్దరికి ఆ కోపం ఇంకా తగ్గలేదు. అందుకని రెండో మైకు కొనడం ఈ ఏడాది చందాల మీదే ఆధారపడి ఉంది. బాకీ ఉన్నవాళ్లెవరో వాళ్లకే తెలుసు.

వచ్చే ఏడాది ఒగ్గుకథతో మొదలుపెట్టాలని ఉంది. కథ చెప్పడానికి పేర్లు చాలానే వచ్చాయి. ఊ కొట్టడానికి మాత్రం ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. ఆదివారం సాయంత్రాలు ఖాళీగా ఉండి, ఫ్యాను లేకుండా గంటసేపు కూర్చోగలిగినవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి.

ఇట్లు,
మీ కార్యదర్శి