సింహాద్రి అప్పన్నకు సింహం తల వేయకండి

సంపాదకులకు,

అక్షయ తృతీయ దగ్గర పడితే పత్రికల్లో సింహాచలం చందనోత్సవం వార్త వస్తుంది, దాని పక్కన ఒక బొమ్మ ఉంటుంది. చాలాసార్లు అది జూలు విరబోసుకుని, హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో వేసుకుని పొట్ట చీలుస్తున్న ఉగ్ర నరసింహుడి బొమ్మ. సింహాచలం స్వామి అప్పన్న నిజరూపం, అంటే చందనం పూత తీశాక కనిపించే రూపం, అది కాదు. తల వరాహానిది, మొండెం మనిషిది, తోక సింహానిది. చేతులు రెండే. త్రిభంగిలో, అంటే ఒళ్లు మూడు చోట్ల వంచిన భంగిమలో, నిలబడి ఉంటాడు. గర్భాలయంలో ఫొటో తీయనివ్వరు కాబట్టి, పేరులో ‘నరసింహ’ కనబడగానే చిత్రకారులు చేతికందిన నరసింహుణ్ణి వేసేస్తున్నారు. స్వామి పేరు వరాహ లక్ష్మీ నరసింహుడు. ముఖం ఏదో ఆ మొదటి మాటే చెబుతోంది.

రెండు అవతారాలు ఒకే మూర్తిలో ఎందుకున్నాయో స్థలపురాణం చెబుతుంది. హిరణ్యాక్షుణ్ణి చంపింది వరాహం, హిరణ్యకశిపుణ్ణి చంపింది నరసింహుడు. పినతండ్రిని చంపిన రూపాన్నీ, తండ్రిని చంపిన రూపాన్నీ కలిపి చూపమని ప్రహ్లాదుడు వేడుకున్నాడు. అందుకే పాదాల దగ్గర గానీ ఒడిలో గానీ రాక్షసుడు ఉండడు. ఇక్కడున్నది వధ అయిపోయాక భక్తుడి కోసం నిలిచిన మూర్తి. సింహం తల పెడితే ఈ కథలో సగం పోతుంది.

చందనం గురించి కూడా ‘ఉగ్రాన్ని చల్లార్చడానికి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ నమ్మకం ఉన్న మాట నిజమే. కానీ స్థలపురాణంలో ఇంకో కారణం ఉంది. తర్వాతి కాలంలో పురూరవ చక్రవర్తి వచ్చేసరికి విగ్రహం పుట్టలో కప్పబడి ఉంది. తీసేసిన పుట్టమన్నుకు బదులు అంత చందనం పూయమని ఆకాశవాణి చెప్పింది. అంటే చందనం ఆ పుట్టమన్నుకు మారు. చందనోత్సవం రోజు తప్ప ఏడాది పొడవునా స్వామి లింగాకారంలో కనిపించడానికి కారణం ఈ పూతే.

లెక్కలోనూ తప్పులు దొర్లుతున్నాయి. వైశాఖ శుద్ధ తదియ తెల్లవారుజామున వెండి బొరిగెలతో పాత చందనం ఒలుస్తారు. పగలంతా నిజరూప దర్శనం. రాత్రి సహస్ర ఘటాభిషేకం చేసి, అరగదీసిన చందనం మూడు మణుగులు, అంటే సుమారు 125 కిలోలు, సమర్పిస్తారు. చందనం మొత్తం ఆ ఒక్క రాత్రితో పూర్తయిపోదు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మరో మూడేసి మణుగులు చేరితేనే 12 మణుగులు, సుమారు 500 కిలోలు అవుతుంది. ‘ఒక్క రోజున 500 కిలోలు’ అని రాస్తే తప్పు.

బొమ్మ వేసేవారికీ, గోపురాల మీద సిమెంటు విగ్రహాలు చేసేవారికీ ఒక మాట. వరాహానికి ముట్టె ముందుకు సాగి, కొన చదునుగా ఉండాలి. కోరలు పక్కల నుంచి పైకి వంగాలి. నరసింహుడికైతే ముఖం గుండ్రం, ముక్కు పొట్టి, చుట్టూ జూలు. సిమెంటులో ముట్టె లోపల ఇనుప కమ్మీ పెట్టకపోతే ముందు విరిగేది అదే. తర్వాత మరమ్మతు చేసేవారు విరిగినచోటే నున్నగా పూసేస్తారు, పైన రంగు పడుతుంది. వరాహస్వామి కాస్తా సింహమైపోతాడు. ఒకసారి అలా మారిన విగ్రహాన్ని చూసే తర్వాతివారు బొమ్మలు గీస్తారు.

అహోబిలం నవ నరసింహుల్లోనూ క్రోడ నరసింహుడు ఉన్నాడు. క్రోడమంటే అడవిపందే. తిరుమలలో మొదటి నైవేద్యం పుష్కరిణి గట్టున ఉన్న వరాహస్వామికే. పాతకాలపు బంగారు నాణేనికి వరహా అన్న పేరు వచ్చిందీ దాని మీది పంది ముద్ర నుంచే. పంది ముఖం వేయడానికి సంకోచపడాల్సింది ఏమీ లేదు.

వచ్చే చందనోత్సవానికి ముఖం సరైన బొమ్మ దొరకకపోతే, చందనం పూతలో ఉన్న నిత్యరూపాన్నే గీయించి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం