సింహం కూనల పునరావాసం పేరుతో మీరు అమ్మిన ప్యాకేజీపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

విషయం: దక్షిణాఫ్రికా వాలంటీర్ ప్యాకేజీ – ఫీజు వాపసు, ప్రకటన తొలగింపు.

అయ్యా,

తల్లి వదిలేసిన కూనలను సాకి అడవిలో వదులుతారని మీ బ్రోషర్‌లో రాశారు. పశువైద్యులమైన మేం నలుగురం ఆ మాట మీదే డబ్బు కట్టాం. అక్కడ జరిగేది పునరావాసం కాదు, వ్యాపారం కోసం కూనలను పుట్టించే పెంపకం.

సింహం కూన ఆరేడు నెలలు పాలు తాగుతుంది, దాదాపు రెండేళ్లు తల్లి వెంటే ఉండి వేట నేర్చుకుంటుంది. అన్నాళ్లూ తల్లి సాధారణంగా మళ్లీ ఎదకు రాదు. పుట్టిన కొద్దిరోజులకే కూనలను లాగేస్తే వారాల్లోనే ఎదకొస్తుంది. చూలు మూడున్నర నెలలే కాబట్టి, రెండేళ్లకొక ఈత ఈనాల్సిన సింహం ఏడాదికి రెండు ఈతలు కూడా ఈనగలదు. ప్రతి తల్లీ కూనలను వదిలేసిందని అక్కడివాళ్లు చెప్పడానికి కారణం ఇదే. ప్రతి కూన పుట్టిన తేదీ, తల్లి, మైక్రోచిప్ నంబరు, చివరికి ఎక్కడికి పంపారు అన్న వివరాలున్న రిజిస్టర్ అడిగాం. చూపలేదు. ప్యాకేజీ అమ్మేముందు మీరు అడగాల్సిన కాగితం అది.

మనుషుల చేతుల్లో పెరిగిన సింహానికి మనిషంటే బెదురుండదు. అడవిలో వదిలితే పశువుల మీదికి, ఊళ్ల మీదికి వస్తుంది, అందుకే వదలరు. పెంపక సింహాలను డబ్బు కట్టినవాళ్లు కంచెలోపల ఆడే వేటకూ ఎముకల వ్యాపారానికీ వాడతారన్నది దాచిన సంగతేమీ కాదు. 2017లో దక్షిణాఫ్రికా 800 సింహం అస్థిపంజరాల ఎగుమతికి కోటా ఇచ్చింది. ఆ ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీయే ఈ వ్యాపారాన్ని ఆపాలని 2021లో సిఫారసు చేసింది. ఆ తర్వాత కూడా మీరు ఈ ప్యాకేజీ అమ్మారు.

ఇక కూనల సాకుడు. ఉత్త ఆవుపాలు పోస్తున్నారు. వాటిలో లాక్టోజ్ (పాలలోని చక్కెర) ఎక్కువ, మాంసకృత్తులూ కొవ్వూ కూనకు చాలవు. పారుడు పట్టుకుంటుంది, బరువు పెరగదు. పిల్లికూనల పాలపొడి కలిపి, రోజుకు ఒంటి బరువులో 20 శాతం మించకుండా పట్టాలి. కిలోన్నర కూనకు గరిష్ఠంగా 300 మిల్లీలీటర్లు, ఆరు విడతలుగా. ఒళ్లు చల్లబడ్డ కూనకు ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. ఫొటోల కోసం వెల్లకిలా పడుకోబెట్టి సీసా పెట్టించారు, అలా పట్టిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. బోర్లా ఉంచి, తల కాస్త ఎత్తి పట్టాలి. పాలు పట్టాక తోక కింద గోరువెచ్చని తడిదూదితో తుడిస్తేనే చిన్నకూన మలమూత్రాలు విసర్జిస్తుంది. ఆ పని ఎవరికీ నేర్పలేదు.

మాంసం తినే వయసు కూనలకు ఎముకల్లేని కోడిమాంసం ఒక్కటే పెట్టారు. అందులో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎన్నో రెట్లెక్కువ, ఎముకలు మెత్తబడి వంగుతాయి. కాళ్లు వంకరపోయిన కూన నడవలేకపోతుంటే బద్ధకమని చెప్పి సందర్శకుల ఒళ్లో పెట్టారు. ఇది మేం మరువలేం.

కూనలను ముట్టుకునే వాలంటీర్లకు రేబిస్ ముందస్తు టీకా వేశారో లేదో అడగలేదు. తామర సోకిన కూననూ విడిగా ఉంచలేదు.

30 రోజుల్లో పూర్తి ఫీజు వాపసు ఇవ్వండి, ప్రకటన తీసేయండి, తర్వాతి బ్యాచ్‌కు బుక్ చేసుకున్నవారందరికీ ఈ లేఖ పంపండి. లేదంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. ఫొటోలు, రసీదులు, మేత వివరాలు రాసుకున్న పుస్తకం జతచేశాం.

ఇట్లు,
నలుగురు పశువైద్యులు, హైదరాబాద్