మూతి వెనక్కి, మంచు ముందుకే

సంపాదకునికి,

గంగోత్రి హిమానీనదం ‘వెనక్కి జరుగుతోంది’ అన్న వార్తలు చదివితే మంచు ఎగువకు పాకుతోందేమో అనిపిస్తుంది. మంచు ఎప్పుడూ కిందికే వస్తుంది: తన బరువుకు తానే సాగుతూ, అడుగున నీరు చేరినచోట జారుతూ. పైనుంచి వచ్చేదాని కన్నా దిగువ కొస అయిన గోముఖ్ దగ్గర కరిగేది ఎక్కువైతే ఆ కొస, అంటే మూతి, వెనక్కి తగ్గుతుంది, అంతే.

మొత్తం మీద మంచు పెరిగిందా, తగ్గిందా అన్న అసలు లెక్క మూతి దగ్గర తేలదు. హిమాచల్ ప్రదేశ్ లాహౌల్‌లోని ఛోటా షిగ్రీ హిమానీనదంపై 2002 నుంచి చేస్తున్నట్టు, మంచులో రంధ్రాలు చేసి వెదురు కర్రలు దించాలి. ఏడాదిలో కర్ర 2 మీటర్లు బయటపడితే అక్కడ సుమారు 1.8 మీటర్ల లోతు నీటికి సమానమైన మంచు పోయినట్టు. ఎగువన మాత్రం గొయ్యి తవ్వి, ఆ ఏటి మంచు పొరను తూచాలి. లోతు ఒక్కటే కొలిస్తే లెక్క తప్పుతుంది. తాజా మంచు ఘనపు మీటరుకు 100 కిలోలే ఉండొచ్చు. ఏళ్ల తరబడి నొక్కుకుని 830 దాటాకే గాలి దారులు మూసుకుపోయి హిమానీ మంచవుతుంది.

రాళ్లు కప్పిన చోట మరీ జాగ్రత్త. పలుచటి దుమ్ము కరుగుదలను పెంచుతుంది, అర మీటరు రాళ్ల పొర చాలావరకు ఆపుతుంది. గంగోత్రి దిగువ భాగం నిండా రాళ్లే. అలాంటిచోట మూతి కదలకపోయినా మంచు పలచబడుతూ ఉండొచ్చు. మీటర్ల వెనుకంజతోపాటు మందం ఎంత తగ్గిందో కూడా వార్తల్లో ఇవ్వండి.

– భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం