రెండు కమిషన్లను కలిపే ముందు

రేయ్ మామా,

కాలిఫోర్నియాలోని మీ సిటీలో మానవ హక్కుల కమిషన్‌నీ, ప్రజా భాగస్వామ్య కమిషన్‌నీ కలిపేస్తున్నారనీ, దాని మీద నిన్ను మాట్లాడమన్నారనీ రాశావు. "స్టాఫ్‌కి పని తగ్గుతుంది కదా, తప్పేముంది?" అంటున్నావు. తగ్గుతుంది, నిజమే. నెలకు రెండు అజెండాలు, రెండు మినిట్స్ రాసే మనిషి ఒక్కటి రాస్తే చాలు. కానీ ఆ రెండింటి పనీ ఒకటి కాదురా. ప్రజా భాగస్వామ్యంలో సిటీ జనాన్ని పిలిచి అడుగుతుంది, మానవ హక్కుల దగ్గర జనమే వచ్చి సిటీని అడుగుతారు. కలిపాక హక్కుల పని చిక్కిపోతుంది. ప్రజా భాగస్వామ్యం పేరుతో పెట్టే పండగ స్టాళ్లు, సర్వేలు ఎవరికి చేదు?

ఒకావిడ మైకు దగ్గరికొచ్చి, పిల్లలున్నారని తనకు ఇల్లు అద్దెకివ్వలేదంటుంది అనుకో. మాట్లాడ్డానికి రెండు మూడు నిమిషాలిస్తారు. అజెండాలో లేని విషయం గనక బ్రౌన్ యాక్ట్ (మీటింగులు బహిరంగంగా జరగాలనే కాలిఫోర్నియా చట్టం) ప్రకారం కమిషన్ సభ్యులు దాన్ని చర్చించకూడదు. స్టాఫ్‌కి అప్పగించడమో, వచ్చే మీటింగులో పెట్టమనడమో చెయ్యాలి. వచ్చే మీటింగు ఏమో స్టాళ్లతో నిండిపోయి ఉంటుంది. రాష్ట్ర సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కి ఇళ్ల వివక్ష మీద ఫిర్యాదు చెయ్యడానికి ఉన్నది ఏడాదే (ఉద్యోగాల విషయంలో మూడేళ్లు). అది ఇక్కడే కరిగిపోతుంది. అందుకే ప్రతి అజెండాలోనూ 'హక్కుల ఫిర్యాదులు' అనే అంశం తప్పనిసరని విలీనం ఆర్డినెన్స్‌లోనే (సిటీ చేసే చట్టంలోనే) రాయించు. ఎక్కడికెళ్లాలో, గడువెంతో ఉన్న కాగితం ఆ రాత్రే ఆవిడ చేతిలో పెట్టేలా చూడు.

ఆ ఆర్డినెన్స్ ముసాయిదా చదివేటప్పుడు, సిటీ చట్టాల్లో ఈ కమిషన్ల మీదున్న పాత అధ్యాయాలు రెండూ పక్కన పెట్టుకుని క్రియాపదాల కింద గీతలు గియ్యి. పాతదాంట్లో 'వినాలి', 'విచారించాలి', 'రాజీ కుదర్చాలి' అని ఉండి, కొత్తదాంట్లో అన్నీ 'ప్రోత్సహించాలి' అయిపోతే, కమిషన్ పోయినట్టే, పేరు మాత్రం మిగిలినట్టు.

సీట్ల దగ్గర మొహమాటం పనికిరాదు. ఏడుగురూ ఏడుగురూ ఉంటే, ఎవర్నీ నొప్పించకుండా 14 సీట్లు ఉంచుదామంటారు. అప్పుడు కోరం (మీటింగు జరగాలంటే కనీసం ఉండాల్సినవాళ్లు) 8. సాధారణంగా ఖాళీ సీట్లనూ లెక్కేస్తారు కాబట్టి నలుగురు మానేసి, ముగ్గురు ఊళ్లో లేకపోతే మీటింగు రద్దు. 9 చాలు, కోరం 5. మొదటిసారి చీటీలు తీసి నలుగురికి రెండేళ్లు, ఐదుగురికి నాలుగేళ్లు ఇవ్వమను. లేదంటే అందరూ ఒక్కసారే దిగిపోయి, పెండింగు పనుల సంగతి తెలిసినవాడే ఉండడు.

కమిషన్ ఎలా పుట్టిందో సిటీ క్లర్క్‌ని ముందే అడుగు. తీర్మానంతో పుడితే తీర్మానంతోనే పోతుంది. ఛార్టర్‌లో (సిటీకి రాజ్యాంగం లాంటిది) ఉంటే ఓటర్ల దగ్గరికే వెళ్లాలి. మీది ఛార్టర్ లేని జనరల్ లా సిటీ, ఆర్డినెన్స్ దారి: మొదటి రీడింగు (కౌన్సిల్ ముందు మొదటిసారి పెట్టడం), కనీసం 5 రోజులు ఆగి ఆమోదం, ఆపైన 30 రోజులకు అమలు. కౌన్సిల్ రెండు వారాలకోసారి కూర్చుంటుందిగా, మొత్తం 44 రోజులు. ఆ లోపు పాత కమిషన్లు బతికే ఉంటాయి, చేతిలో ఉన్న పనులు ముగించాలి లేదా రాతపూర్వకంగా కొత్తదానికి అప్పగించాలి.

ఇక వాట్సాప్. విలీనం గురించి గ్రూపు పెట్టి అందరూ మాట్లాడుకోవద్దు, ఏ కమిషన్‌లోనైనా సగానికి మించినవాళ్లు అందులో చర్చిస్తే అది దొంగచాటు మీటింగే. "ఇద్దరిద్దరం కలిసి ఉపసంఘం వేసుకుంటాం, కోరం కాదుగా" అంటారు. అదీ చెల్లదు. కాలిఫోర్నియాలోనే సెబాస్టపోల్ అనే ఊళ్లో ఇద్దరు కౌన్సిల్ సభ్యులూ, ఇద్దరు ప్లానింగ్ కమిషనర్లూ కలిసి వేసుకున్న కమిటీకీ బ్రౌన్ యాక్ట్ వర్తిస్తుందని 1981లో అప్పీళ్ల కోర్టు చెప్పేసింది. 72 గంటల ముందు అజెండా అంటించి, తలుపులు తెరిచి కూర్చోండి.

ఇంకోటి. వివక్ష కారణాల జాబితాలో కులం కూడా ఉండాలని అడుగు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం 2023లో చేర్చుకుంది. అదే ఏడాది రాష్ట్ర బిల్లును మాత్రం గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు, ఇప్పుడున్న చట్టాల్లోనే అది ఉందంటూ. మనవాళ్లు ఇంతమంది ఉన్న ఊళ్లో ఆ మాట ఎత్తితే నీ మొహం ఎవరెలా చూస్తారో తెలుసు, అయినా అడుగు.

ముసాయిదా బయటికి రాగానే పంపు, మొదటి రీడింగుకి ముందే. ఆ తర్వాత పెద్ద మార్పులు చేస్తే ఆమోదానికి మళ్లీ కనీసం 5 రోజులు ఆగాల్సొస్తుంది, అప్పుడు నిన్నే తిట్టుకుంటారు.

నీ
పాత రూమ్మేటు