జెయింట్స్ అభిమానుల సంఘం 2025 వార్షిక నివేదిక: జట్టు కూర్పు, ట్రేడ్లు

సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

బే ఏరియాలోని మన తెలుగు బేస్‌బాల్ అభిమానుల సంఘం ఈ ఏడాది చేసిన పనుల నివేదిక ఇది. ఒరాకిల్ పార్క్‌లో ఆటలు చూడటం, కొత్తవారికి స్కోరు రాయడం నేర్పడం ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపారు. అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టినవి రోస్టర్ (జట్టు ఆటగాళ్ల జాబితా) సమావేశాలే. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 81 గెలిచి 81 ఓడిన సీజన్ ఇది. బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు బస్టర్ పోజీ జూన్‌లో పెద్ద ఆటగాడిని తెచ్చారు, జూలైలో ఉన్నవారిని పంపేశారు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచడం సరికాదని సమావేశాల్లో ఎక్కువమంది అన్నారు.

ముందు జూన్ సంగతి. 15వ తేదీన హిట్టర్ రఫేల్ డెవర్స్ ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో, బోస్టన్ నుంచి వచ్చాడు. బదులుగా జోర్డన్ హిక్స్, కైల్ హారిసన్, జేమ్స్ టిబ్స్, హోసే బెల్లో వెళ్లారు. 10 ఏళ్లకు 313.5 మిలియన్ డాలర్ల ఒప్పందంలో మిగిలిన 250 మిలియన్ల పైచిలుకు భారం ఇప్పుడు జెయింట్స్‌ది, అదీ 2033 దాకా. ఆ చివరి సీజన్ ఆడేనాటికి డెవర్స్‌కు 36 ఏళ్లుంటాయి. అయినా ఈ ట్రేడ్‌ను సంఘం సమర్థిస్తోంది. 2022లో ఆరన్ జడ్జ్, 2023లో షోహేయ్ ఒటానీ ఇద్దరూ జెయింట్స్‌ను కాదని వేరేచోట సంతకం చేశారు. డబ్బు సిద్ధంగా ఉన్నా పెద్ద హిట్టర్లు మన జట్టును ఎంచుకోనప్పుడు మిగిలే దారి ట్రేడే. ట్రేడ్‌లో ఆటగాడి ఇష్టాయిష్టాల ప్రశ్న చాలావరకు రాదు. ఒప్పందంలో ట్రేడ్‌ను నిరాకరించే హక్కు రాయించుకున్నవారు, మొత్తం పదేళ్ల సర్వీసు ఉండి అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో గడిపినవారు మాత్రమే కాదనగలరు. రెండు జట్లకు కలిపి డెవర్స్ 163 ఆటలు ఆడి 35 హోమ్ రన్లు కొట్టాడు. వాటిలో 20 మన జట్టుకే.

ఈ ట్రేడ్‌లో చాలామంది పట్టించుకోని లాభం ఇంకొకటుంది. హిక్స్, హారిసన్ ఇద్దరూ మేజర్ లీగ్‌లో ఆడించడానికి అర్హులైన 40 మంది జాబితాలో ఉన్నవారు, టిబ్స్, బెల్లో లేరు. ఇద్దరు వెళ్లి ఒక్కరు రావడంతో ఒక చోటు ఖాళీ అయింది. నష్టం టిబ్స్ రూపంలో వచ్చింది. 2024 డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆ కుర్రాణ్ని జూలై చివర బోస్టన్ మళ్లీ ట్రేడ్ చేసింది, పిచర్ డస్టిన్ మే కోసం. తీసుకున్నది మన చిరకాల ప్రత్యర్థి డాడ్జర్స్.

ఇక జూలై 31. ట్రేడ్ల డెడ్‌లైన్ ఇక్కడి సమయం ప్రకారం మధ్యాహ్నం 3 గంటలకు ముగుస్తుంది కాబట్టి పనిదినమైనా కొందరు సభ్యులు ఆన్‌లైన్‌లో కలిసి కూర్చున్నారు. ముందురోజే పిచర్ టైలర్ రోజర్స్ మెట్స్‌కు వెళ్లగా హోసే బుట్టో, డ్రూ గిల్బర్ట్, బ్లేడ్ టిడ్‌వెల్ వచ్చారు. 31న మైక్ యస్ట్రెమ్‌స్కీ రాయల్స్‌కు వెళ్లాడు. ఈ ఇద్దరి ఒప్పందాలూ సీజన్‌తో ముగిసేవే కాబట్టి వచ్చినదంతా లాభమే. రోజర్స్‌కు దక్కిన ప్రతిఫలం చాలా మంచిది. పిచర్ కమీలో డోవల్‌ను యాంకీస్‌కు ఇవ్వడాన్ని మాత్రం సంఘం ఒప్పుకోవడం లేదు. అతని మీద 2027 వరకు జట్టుకు హక్కుంది. వచ్చిన నలుగురూ మైనర్ లీగ్ కుర్రాళ్లు. ఎనిమిదో ఇన్నింగ్స్, తొమ్మిదో ఇన్నింగ్స్ చూసుకునే ఇద్దరినీ ఒకే వారంలో తీసేస్తే ఆ బరువు మిగిలినవారి భుజాల మీదే పడుతుంది. ముగింపు బాధ్యత రాండీ రోడ్రిగెజ్ చేతికి వచ్చింది. ఆగస్టులో మోచేతి గాయం, సెప్టెంబరులో టామీ జాన్ శస్త్రచికిత్స (మోచేతి లిగమెంట్‌కు చేసేది). 2026లో అతను ఆడడు. గాయానికి ట్రేడే కారణమని అనడం లేదు. అలాంటి గాయం ఎవరికైనా రావచ్చని తెలిసి కూడా వెనక ఎవరూ లేకుండా చేసుకోవడమే తప్పు.

రోడ్రిగెజ్ సంగతిలో కొత్త సభ్యులు తెలుసుకోవలసిన నియమం ఒకటుంది. సీజన్‌లో 60 రోజుల గాయాల జాబితాలో పెట్టిన ఆటగాడు 40 మందిలో లెక్కకు రాడు. వరల్డ్ సిరీస్ ముగిశాక మాత్రం ఆ జాబితా ఉండదు. వసంత శిక్షణ మొదలయ్యేదాకా అతను ఒక చోటు ఆక్రమించే ఉంటాడు. నవంబరులో రూల్ 5 డ్రాఫ్ట్ (40 మందిలో లేని కుర్రాళ్లను వేరే జట్లు తీసుకునే ఎంపిక) నుంచి కాపాడుకోవలసిన కుర్రాళ్లకు చోటు కావలసినదీ సరిగ్గా అప్పుడే. 18 ఏళ్లకు లేదా అంతకుముందు సంతకం చేసినవారికి ఐదు సీజన్లు, 19 ఏళ్లకు లేదా ఆ తర్వాత చేసినవారికి నాలుగు సీజన్లు గడిచాక ఆ రక్షణ అవసరమవుతుంది. కాపాడకపోతే మరో జట్టు లక్ష డాలర్లు కట్టి తీసుకుపోవచ్చు. తీసుకున్న జట్టు మాత్రం అతన్ని సీజనంతా మేజర్ లీగ్ ఆటలకు ఉండే 26 మందిలో ఉంచాలి, లేకపోతే సగం ధరకు వెనక్కి ఇవ్వజూపాలి.

ఈ ఏడాది అత్యధిక వాదన బ్రైస్ ఎల్‌డ్రిడ్జ్ మీద జరిగింది. 2023 డ్రాఫ్ట్‌లో 16వ ఎంపిక, సెప్టెంబరులో మేజర్ లీగ్ అరంగేట్రం. డెవర్స్‌లాగే ఎడమచేతి హిట్టర్, ఇద్దరికీ సరిపోయేవి ఫస్ట్ బేస్, డీహెచ్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే స్థానం) మాత్రమే. థర్డ్ బేస్‌లో మాట్ చాప్‌మన్ ఒప్పందం 2030 వరకుంది. 26 మందిలో 13 మంది పిచర్లయితే మిగిలేది 13. అందులో 9 మంది ఆడతారు. బెంచ్ మీద నలుగురు: రెండో క్యాచర్, ఒక ఇన్‌ఫీల్డర్ పోగా రెండు చోట్లే. ఎల్‌డ్రిడ్జ్ రోజూ డీహెచ్ అయితే చాప్‌మన్, విల్లీ ఆడమెస్‌లకు డీహెచ్‌గా ఆడించి కాళ్లకు విశ్రాంతినిచ్చే అవకాశం తగ్గుతుంది. ఎడమచేతి పిచర్లను ఎదుర్కోవడానికి బెంచ్ మీద కుడిచేతి హిట్టర్ తప్పనిసరి అవుతుంది.

అందుకని అతన్ని ఇచ్చి టారిక్ స్కూబల్‌ను తేవాలని కొందరు సభ్యులు గట్టిగా వాదించారు. స్కూబల్ 2024, 2025 రెండేళ్లూ అమెరికన్ లీగ్ సై యంగ్ అవార్డు (ఏటా ఉత్తమ పిచర్‌కిచ్చేది) గెలిచిన పిచర్, ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ 2026 తర్వాత అతను ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుతోనైనా సంతకం చేయవచ్చు. ఒక్క ఏడాది కోసం కనీసం ఆరేళ్లు మన దగ్గరుండే కుర్రాణ్ని వదులుకోవడం వద్దని సంఘం నిర్ణయం. లోగన్ వెబ్ 207 ఇన్నింగ్స్ వేసి 224 స్ట్రైకౌట్లతో నేషనల్ లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. అతని వెనక రాబీ రే ఒప్పందం 2026తో ముగుస్తుంది, జస్టిన్ వెర్లాండర్ ఒప్పందం ఇప్పటికే అయిపోయింది. స్టార్టర్లు (ఆట మొదలుపెట్టే పిచర్లు) కావాలి, నిజమే. ఆ లోటును ముందు ఫ్రీ ఏజెంట్లతో పూడ్చాలి, ఎందుకంటే అందుకు డబ్బే పోతుంది, కుర్రాళ్లు పోరు. ట్రేడే చేయాల్సివస్తే మిన్నెసోటాలోని జో రయన్ లాంటివాడు నయం. బే ఏరియాలో పెరిగినవాడు, అతని మీద హక్కు 2027 వరకుంది.

వచ్చే ఏడాది నుంచి ట్రేడ్ ప్రతిపాదన పంపే సభ్యులు ఈ వివరాలు జతచేయాలి. వచ్చే ఆటగాడి మీద ఎన్నేళ్ల హక్కుంది, మిగిలిన జీతం ఎంత, అతను వస్తే 40 మందిలోంచి ఎవరు వెళతారు. మైనర్ లీగ్‌కు పంపే ఆప్షన్ ఏళ్లు మూడింటిలో ఎన్ని మిగిలాయో తప్పక రాయండి. ఆప్షన్లు అయిపోయినవాణ్ని కిందికి దించాలంటే వేవర్స్ (మిగతా జట్లకు అతన్ని తీసుకునే అవకాశమిచ్చే దశ) దాటాలి, అక్కడ వేరే జట్టు ఎగరేసుకుపోవచ్చు. చాలా ప్రతిపాదనలు వీగిపోయింది ఈ లెక్క దగ్గరే. ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డ కొత్తవారు ఇంకొకటి గమనించాలి: ఇక్కడ మూడేళ్లకోసారి జట్లను విడదీసే మెగా వేలం లేదు. రాసిన ఒప్పందం ఆటగాడితోపాటే ప్రయాణిస్తుంది.

2026లో జట్టు మొత్తం జీతాల మీద విలాస పన్ను మొదలయ్యే పరిమితి 244 మిలియన్ డాలర్లు. ఆటగాళ్ల సంఘానికి, లీగ్‌కు మధ్య ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. పైన చెప్పిన నియమాల్లో కొన్ని మారవచ్చు కాబట్టి వచ్చే శీతాకాలం ఒప్పందాల చర్చకు ప్రత్యేక సమావేశం పెడతాం. కాలేజీ జట్టు నుంచి నేరుగా మేనేజర్‌గా వచ్చిన టోనీ విటెల్లో మొదటి ఏడాది ఎల్‌డ్రిడ్జ్‌ను ఎన్ని ఆటల్లో ఏ స్థానంలో ఆడించారో నమోదు చేయడానికి ఇద్దరు సభ్యులు కావాలి. ఆసక్తి ఉన్నవారు కార్యదర్శికి తెలియజేయండి.

కార్యవర్గం