కొల్లేరు పటంలో ఉప్పుటేరు ఏది?

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ పత్రికలో కొల్లేరు సరస్సు హద్దు ఏ కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) దాకా అన్న గొడవ మీద వార్త వేసి, పక్కన ఒక పటం అచ్చేశారు. నీలం మచ్చ ఒకటి, చుట్టూ ఎర్ర గీత ఒకటి. సరస్సులోకి నీళ్లు తెచ్చే బుడమేరు లేదు, తమ్మిలేరు లేదు, రామిలేరు లేదు. ఆ నీళ్లన్నీ సముద్రానికి పోయే ఉప్పుటేరు కూడా లేదు! వచ్చే దారీ పోయే దారీ లేకపోతే అది సరస్సా, స్నానాల తొట్టా? తప్పు మీది కాదు లెండి, మీ చేతికిచ్చిన పటమే అలాంటిదై ఉంటుంది.

1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో మూడో కాంటూరు చాలని అసెంబ్లీలో తీర్మానం చేశారు. గీత ఎక్కడ గీయాలన్నదే తగవు. ఏ ఏరు ఏ దారిన వచ్చేదో అడిగిన నాథుడు లేడు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి దూరాక గానీ బుడమేరనేది ఒకటుందని సగం మందికి గుర్తు రాలేదు. నీరు పల్లమెరుగు. ఎరగనిది మన అధికారులే.

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ దొర సర్వేలకు కుడిభుజంగా నిలిచిన కావలి బొర్రయ్యది ఏలూరే. ఆ రోజుల్లో గొలుసులు పట్టుకుని రొంపిలో దిగి కొలిచారు. ఇప్పుడు డ్రోన్లున్నాయి, ఉపగ్రహాలున్నాయి, పూడిపోయిన కాలువ పేరు చెప్పేవాడే లేడు. నిరుడు ఒక కార్యాలయానికి వెళ్లి మా ఊరి పాత పటం నకలు ఇమ్మంటే మూడుసార్లు తిప్పి, చివరికి ఎలుకలు కొట్టేశాయన్నారు. పోనీలెండి, ఆ పటాన్ని ఎలుకలైనా తెరిచి చూశాయి. అర్జీకి రసీదు మాత్రం ఇంతవరకూ రాలేదు.

మిగిలిన గ్రామ పటాలనైనా స్కాన్ చేసి, పాత టోపో షీట్లతో (ఎత్తుపల్లాలు, ఏర్లు చూపే సర్వే పటాలతో) కలిపి ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే ఏ డ్రెయిను మీద ఏ గట్టు లేచిందో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. బహుశా అందుకే పరచడం లేదేమో. ఆ పటాన్ని ప్రతి లంక గ్రామం పంచాయతీ గోడకీ అంటించాలి. అంతదాకా, వచ్చేసారి కొల్లేరు వార్త వేసేటప్పుడు కనీసం మీరైనా ఉప్పుటేరు గీయించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కైకలూరు