దీపాలు ఆర్పే ముందు మీటరు చూడండి

సంపాదకులకు,

కాలనీలు, అపార్ట్‌మెంట్ సంఘాలు కరెంటు పొదుపు చేయాలనుకున్నప్పుడు మొదట పెట్టుకునే కార్యక్రమం ఒక గంట దీపాలు ఆర్పడం. 2007లో సిడ్నీలో ‘ఎర్త్ అవర్’ మొదలైనప్పటి నుంచీ ఏటా చూస్తున్నదే. ప్రచారంగా దానికి అభ్యంతరం లేదు. పొదుపు సంగతికొస్తే లెక్క ఇదీ: 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఐదు గంటసేపు ఆర్పితే మిగిలేది 45 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో (వెయ్యి వాట్ అవర్లు) ఇరవయ్యో వంతు కూడా కాదు. 15 లీటర్ల బకెట్ నీళ్లు 25 డిగ్రీల మేర వేడెక్కడానికి 436 వాట్ అవర్లు కావాలి. ఒక్క బకెట్‌కు అయ్యే కరెంటుతో ఆ ఐదు బల్బులూ దాదాపు పది గంటలు వెలుగుతాయి.

అందుకే పని మీటరు దగ్గర మొదలవ్వాలి. ఎలక్ట్రానిక్ మీటరు మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. పక్కనే ‘యూనిట్‌కు 3200 పల్స్‌లు’ (అంటే మినుకులు) అనో, 1600 అనో రాసి ఉంటుంది. రాత్రి పడుకునే ముందు ఫ్యాన్లు, దీపాలు, ఏసీ ఆపండి. టీవీ, సెట్‌టాప్ బాక్స్, రౌటర్, చార్జర్ల లాంటివి రోజూ ఎలా ఉంటాయో అలాగే వదిలేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పది మినుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మొదటి మినుకుకు ‘సున్నా’ అనుకుని లెక్క మొదలుపెట్టాలి, లేకపోతే ఒకటి తేడా వస్తుంది. 3200 మీటరైతే 11,250ని ఆ సెకన్లతో భాగించాలి, 1600 అయితే 22,500ని. వచ్చిన అంకె వాట్లు. 3200 మీటరులో పది మినుకులకు 150 సెకన్లు పడితే 75 వాట్లు. ఎవరూ ఏమీ వాడనప్పుడు కూడా నడిచే ఆ 75 వాట్లు రోజుకు 1.8 యూనిట్లు, నెలకు 54 యూనిట్లు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఫ్రిజ్‌తో. కంప్రెసర్ నడుస్తుండగా లెక్కపెడితే అంకె అమాంతం పెరుగుతుంది. ‘టక్’మని ఆగేదాకా ఆగాలి. ఇన్వర్టర్ రకం ఫ్రిజ్ చాలాసేపు ఆగకుండా నెమ్మదిగా నడుస్తూనే ఉంటుంది కాబట్టి పావుగంట ప్లగ్ తీసి చూడటమే మేలు. తర్వాత ఒక్కొక్కటే ఆపుతూ మళ్లీ లెక్కపెడితే దొంగ దొరుకుతుంది. తరచూ దొరికేవి పాత సెట్‌టాప్ బాక్స్, ఇంటి ఇన్వర్టర్, థర్మోస్టాట్ పెట్టి మరిచిపోయిన గీజరు. బ్యాటరీ ముసలిదైన ఇన్వర్టర్ చార్జింగ్ ఎప్పటికీ పూర్తికాక పదుల వాట్లు లాగుతూనే ఉంటుంది. ఇంట్లో మెయిన్ ఆపినా లైటు మినుకుతుంటే మీ మీటరు తర్వాత ఇంకెవరి లైనో, ఉమ్మడి దీపాల లైనో కలిసి ఉందన్నమాట, లేదా వైరింగులో లీకేజీ ఉంది. అది ఎలక్ట్రీషియన్ చూడాల్సిన పని, సంఘం ప్రతినిధి స్క్రూడ్రైవర్ పట్టాల్సిన చోటు కాదు.

ఫ్యాన్ల విషయంలో లాభం నిజంగానే పెద్దది. మామూలు సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంలో 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ 30 దగ్గర ఆగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాన్ మీద అర యూనిట్‌కు పైగా తేడా. అందరూ కలిసి టోకున కొనడం బాగానే ఉంటుంది, బిగించేటప్పుడే చెడుతుంది. గోడ మీది పాత రెగ్యులేటర్‌ను లైను నుంచి తప్పించి ఫ్యాన్‌కు నేరుగా సప్లై ఇవ్వాలి. రెగ్యులేటర్ మధ్యలో ఉంటే ఫ్యాన్ లోపలి సర్క్యూట్ గుయ్‌మంటుంది, కొన్నాళ్లకు కాలిపోతుంది. ఆ తర్వాత ‘ఈ రకం ఫ్యాన్లు నిలవవు’ అనే మాట కాలనీ అంతా పాకుతుంది. టోకు బేరాల్లోకే దూరే ఇంకో వస్తువు ప్లగ్‌లో పెట్టే ‘కరెంటు సేవర్’ పెట్టె. అందులో ఉండేది ఒక కెపాసిటర్, ఒక చిన్న లైటు. ఇంటి యూనిట్లలో మీటరు లెక్కించేది నిజంగా ఖర్చయిన కరెంటునే. పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) సరిచేసినంత మాత్రాన ఆ యూనిట్లు తగ్గవు, పైగా ఆ లైటు ఖర్చు అదనం.

అపార్ట్‌మెంట్లో ఎవరి సొంతమూ కానిది నీళ్ల పంపు, కనుక ఎవరూ పట్టించుకోరు. వెయ్యి లీటర్లను 20 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి భౌతికశాస్త్రం అడిగేది 0.055 యూనిట్లు. మోటారు, పంపు, పైపుల నష్టాలతో మూడింతలైనా 0.17 దగ్గర ఆగాలి. పంపు మీటరు రీడింగ్ రాసుకుని, ఎవరూ నీళ్లు వాడని వేళ ట్యాంకు నింపి, మట్టం ఎంత పెరిగిందో టేపుతో కొలవండి. 2 మీటర్లు, 1.5 మీటర్ల కొలతల ట్యాంకులో మట్టం ఒక మీటరు పెరిగితే 3,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 0.4 యూనిట్లు తేలితే సగం మూసిన గేట్ వాల్వో, అరిగిన ఇంపెల్లరో (పంపులో నీటిని తోసే చక్రం), లోపల ఉప్పు పేరుకున్న పైపో ఉందన్నమాట. అవేవీ కాకపోతే అంతకు రెట్టింపు ఎత్తుకు పనికొచ్చే పంపును ఇక్కడ బిగించి ఉంటారు. బోరు పంపుకు మాత్రం ఎత్తును నేల నుంచి కాదు, బోరులో నీటిమట్టం నుంచి లెక్కపెట్టాలి. ఈ తేడా మరిచిపోయి మంచి పంపును మార్చేసినవాళ్లున్నారు.

ఇక కర్బనం. యూనిట్లు తగ్గితే ఉద్గారాలూ అంతే తగ్గుతాయని అనుకుంటాం. అన్నిచోట్లా అలా కుదరదు. ఏసీ గ్యాస్‌నే తీసుకోండి. ఆర్-410ఏ గ్యాస్ కిలో గాలిలో కలిస్తే అది వందేళ్ల లెక్కన రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. బొగ్గు కరెంటు యూనిట్‌కు ఉజ్జాయింపుగా కిలో వస్తుందనుకుంటే, ఇది రెండు వేల యూనిట్ల మాట. ఆర్-32 అయితే 675 కిలోలు. ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరిగేది. ‘ఏటా గ్యాస్ నింపాలి’ అని మెకానిక్ అంటే ఏటా అంత గ్యాస్ బయటికి పోతున్నదని అర్థం. సర్వీసింగ్ ఒప్పందాన్ని భవనం మొత్తానికి ఒకేసారి కుదుర్చుకుంటూ ఈ షరతులు రాతలో పెట్టాలి: ఉన్న గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి తీయాలి, నైట్రోజన్ ఒత్తిడి పెట్టి నట్ల దగ్గర సబ్బునురగతో లీకు పట్టాలి, వాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగేయాలి, ఆపైన నేమ్‌ప్లేట్ మీద ఉన్న గ్రాముల ప్రకారం త్రాసుతో తూచి నింపాలి. గేజి చూసి ‘సరిపోయింది’ అనే పద్ధతి వద్దు.

వంట పొయ్యి సంగతీ ఇలాంటిదే. పూర్తిగా బొగ్గు మీద నడిచే గ్రిడ్‌లో గ్యాస్ నుంచి ఇండక్షన్‌కు మారితే ఉద్గారాలు తగ్గకపోగా పెరుగుతాయి. గ్యాస్ పొయ్యి సామర్థ్యం 45 శాతం, ఇండక్షన్‌ది 85 శాతం అనుకుని లెక్కేస్తే, యూనిట్‌కు ఉద్గారం 0.43 కిలోల కంటే తక్కువున్న గ్రిడ్‌లోనే మార్పు లాభం. గ్రిడ్ సగటు చూసుకోకుండా సామూహిక మార్పిడి మేళాలు పెట్టడం తొందరపాటు. బర్నర్ రంధ్రాలు శుభ్రం చేసి మంట నీలంగా ఉండేలా చూడటం మాత్రం ఎక్కడైనా చేయొచ్చు.

ఫలితాలు లెక్కించడంలో జరిగే పొరపాట్లు ఎక్కువ. ఒక బిల్లు 28 రోజులది, మరొకటి 33 రోజులది అయితే యూనిట్లు పోల్చకూడదు. రోజులతో భాగించి, పోయిన ఏడు అదే నెలతో చూడాలి. వాతావరణం చల్లబడితే అందరి వాడకమూ తగ్గుతుంది కనుక కార్యక్రమంలో చేరని పొరుగు ఇళ్లు కొన్నింటి అంకెలు కూడా పక్కన ఉండాలి. పంచిన బల్బులను పొదుపుగా రాయొద్దు, వాటి స్థానంలో ఏది తీశారో అడగండి. అక్కడ ముందే ఎల్‌ఈడీ ఉంటే పొదుపు సున్నా. కొత్త ఫ్రిజ్ వచ్చాక పాతది వరండాలో నడుస్తుంటే అది పొదుపు కాదు, అదనపు ఖర్చు.

నోటీసు బోర్డు మీద సగటు రాసేటప్పుడూ జాగ్రత్త కావాలి. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో సుమారు 290 ఇళ్లకు వారి వాడకాన్నీ పొరుగు సగటునూ తెలిపి చూశారు. 2007లో వచ్చిన ఆ ఫలితాల్లో ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు, అప్పటికే తక్కువ వాడేవాళ్లు మాత్రం సగటు వైపు పెరిగారు. తక్కువ వాడిన ఇళ్ల కాగితం మీద చిన్న నవ్వు ముఖం గీసి ఇచ్చినప్పుడు ఆ పెరుగుదల ఆగింది. బోర్డు మీద పేర్లు అక్కర్లేదు, ఫ్లాట్ నంబర్లూ వద్దు. ఏ ఇంటి కాగితం ఆ ఇంటి తలుపు కిందికి వెళ్తే చాలు. అందులో రోజువారీ యూనిట్లు, పోయినేడాది ఇదే నెల అంకె, రాత్రి మినుకుల లెక్కతో వచ్చిన వాట్లు ఉండాలి.

– ఇంధన తనిఖీ పనిలో ఉన్న పాఠకులు